మట్టి పని నేర్చుకోవడానికి ఊరు దాటేముందు

నేపాల్‌లోనో వియత్నాంలోనో పాండిచ్చేరిలోనో వారం పది రోజులు ఉండి కుండలు చేయడం నేర్చుకుందామని అనుకుంటున్నారా? టికెట్లు బుక్ చేసేముందు ఒక్క పని చేయండి. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఇంకా సారె (కుండలు చేసే చక్రం) తిప్పుతున్న కుమ్మరి ఎవరున్నారో కనుక్కుని, వాళ్లని అడిగి, ఒక పది రోజులు పొద్దున్నే వెళ్లి కూర్చోండి. నేను మొదటిసారి ఈ పని చేయకుండా వెళ్లాను, రెండోసారి చేసి వెళ్లాను. ఆ రెండు ప్రయాణాలకీ పోలికే లేదు.

మాది నెల్లూరు జిల్లా కోవూరు దగ్గర పల్లె. బడిలో లెక్కలు చెబుతాను కాబట్టి నాకు దొరికే సెలవులు సంక్రాంతికీ, వేసవికీ, దసరాకీ అంతే. మొదటిసారి ఫొటోలు చూసి మోజుపడి ఒక రెండు రోజుల వర్క్‌షాప్‌కి డబ్బు కట్టాను. చోటు చాలా బాగుంది, భోజనం బాగుంది, మనుషులు కూడా మంచివాళ్లే. కానీ సారె మీద మట్టి పెట్టింది వాళ్లే, నడిమికి తెచ్చింది వాళ్లే, నా చేతుల మీద వాళ్ల చేతులు పెట్టి గోడ లేపిందీ వాళ్లే. ఆరు కప్పులు తయారయ్యాయి. కాల్చి కొరియర్‌లో పంపుతామని విడిగా డబ్బు తీసుకున్నారు. మూడు నెలలకు పెట్టె వచ్చింది, అందులో నాలుగు పగిలిపోయాయి, మిగతా రెండూ నావి కావు. దానికంటే ఎక్కువ బాధపెట్టింది ఇంకోటి: ఇంటికొచ్చాక మా ఊరి సారె ముందు కూర్చుంటే అరచేయంత గిన్నె కూడా నా చేత్తో లేవలేదు. రెండు రోజులు నేర్చుకున్నానని అనుకున్నది ఏదీ నా చేతుల్లోకి రానేలేదు.

అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా వరస మార్చి చెబుతున్నాను.

ముందు మన ఊరి సారె

కార్తీకానికి ప్రమిదలు, ఎండాకాలం నీళ్ల కుండలు, పెళ్లిళ్లకు అరివేణి కుండలు ఎవరి దగ్గర తెస్తారో మీ ఇంట్లో పెద్దవాళ్లకు తెలిసే ఉంటుంది. బజార్లో అమ్మేవాళ్లందరూ చేసేవాళ్లు కారు, చాలామంది లారీల్లో తెప్పించి అమ్ముతారు. కాబట్టి "మీ ఆవం ఎక్కడుంది?" అని అడగండి. ఆవం, అంటే కుండలు కాల్చే బట్టీ, ఉన్న చోటే మీకు కావలసిన మనిషి ఉంటారు.

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా ముఖ్యమే. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వానలు గట్టిగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుఫాను పట్టిందంటే పచ్చి కుండ వారమైనా ఆరదు, ఆవం వేసే ప్రసక్తే ఉండదు. వినాయక చవితి ముందు, దీపావళి ముందు వాళ్లకు ఊపిరాడదు, ఎండలు ముదిరాక నీళ్ల కుండల గిరాకీ. సంక్రాంతి దాటాక శివరాత్రి లోపల కొంచెం తీరిక ఉంటుంది. నేను సంక్రాంతి సెలవుల్లో మొదలుపెట్టి ఆ తర్వాత ఆదివారాలన్నీ వెళ్లాను.

డబ్బు సంగతి ముందే మాట్లాడుకోండి, రోజుకు ఇంత అని. మీరు పాడుచేసే మట్టి, మీకు చెబుతూ ఆయన చేయకుండా పోయిన కుండలు, రెండూ ఆయన కూలీలోంచే పోతాయి. బయట దేశంలో గంటకు ఇంతని మారుమాట్లాడకుండా కట్టే మనం ఇక్కడికొచ్చి బేరమాడటం నాకు అస్సలు నచ్చదు. ఫోన్ సంచిలో పెట్టేయండి. పది రోజుల్లో ఒక రోజు ఫొటోలకు అడగండి, చాలు.

మొదటి మూడు రోజులు సారె జోలికి పోవద్దు. మట్టి పని చేయండి. చెరువు మట్టిని ఎండబెట్టి, చితక్కొట్టి, నానబెట్టి, రాళ్లూ వేళ్లూ ఏరి, సన్న ఇసుక కలిపి కాళ్లతో తొక్కుతారు. నేను వెళ్లిన ఇంటి తాత నన్ను గోనె పట్టా మీద నిలబెట్టి తొక్కమన్నాడు, అరగంటకే పిక్కలు పట్టేశాయి, కానీ మట్టిలో ఇంకా గట్టి ఉండ ఎక్కడుందో మడమకు తెలుస్తుంది, చేతికంటే ముందే. ఆ తెలివిడి మీకు ఏ స్టూడియోలోనూ దొరకదు, ఎందుకంటే అక్కడ ప్లాస్టిక్ సంచిలో తయారు మట్టి ఇస్తారు.

తాత చూపించిన పరీక్ష ఒకటి చెబుతాను, ఇది ఏ దేశం మట్టికైనా పనికొస్తుంది. చిటికెన వేలంత లావున మట్టిని పాములా చేసి చూపుడు వేలికి చుట్టండి. పగుళ్లు లేకుండా చుట్టుకుంటే బంక సరిపోయింది. పైన చారికల్లా పగిలితే ఇసుక ఎక్కువైనట్టో తడి తక్కువైనట్టో. వేలికి పట్టుకుని ఊడి రాకపోతే నీళ్లు ఎక్కువ. మూడు రకాలూ కావాలనే చేసి చూడండి, ఒకసారి వేళ్లకు అలవాటైతే మరచిపోరు.

నాలుగో రోజు సారె ముందు కూర్చున్నాక వచ్చే కష్టం మట్టిని నడిమికి తేవడం. సారె తిరుగుతుంటుంది, ముద్ద చేతుల్లో తన్నుకుంటూ ఉంటుంది, మీరు ఇంకా గట్టిగా పట్టుకుంటారు, అది ఇంకా తన్నుకుంటుంది. నేను భుజాలతో పోట్లాడుతుంటే తాత కాసేపు చూసి, "పాపా, చెయ్యి ఊగతా ఉండాది. మోచెయ్యి తొడకి ఆనించుకో, దాన్ని కదలనీబాక," అన్నాడు. అంతే ఆయన చెప్పింది. ఎడమ మోచెయ్యి తొడలోకి గట్టిగా దిగేసి, అరచెయ్యి అడుగుభాగాన్ని ముద్ద పక్కన పెట్టి ఊరికే ఉంచితే, మూడు నాలుగు తిరుగుళ్లకు ముద్ద సర్దుకుంది. అప్పటిదాకా నేను మట్టిని నెడుతున్నాను. నెట్టక్కర్లేదు, చెయ్యి ఒక్కచోట కదలకుండా ఉంటే తిరిగే మట్టే దాని దగ్గరికొచ్చి గుండ్రమవుతుంది. కళ్లు మూసుకుని చూడండి, ముద్ద నడిమికి వచ్చిందో లేదో కంటికంటే చేతికి ముందు తెలుస్తుంది.

మన కుమ్మరి చట్టి చేసే పద్ధతి స్టూడియో పద్ధతికి వేరు. సారె మీద మూతీ భుజాలూ మాత్రమే పూర్తి చేసి, కింద గోడ మందంగా వదిలేసి కోసేస్తారు. అది కొంచెం ఆరాక లోపల గుండ్రటి రాయి ఆనించి, బయటినుంచి చెక్కతో తట్టి తట్టి అడుగును గుండ్రంగా సాగదీసి మూసేస్తారు. టప్ టప్‌మని ఒకే లయలో సాగే ఆ చప్పుడు మా వీధిలో చిన్నప్పుడు మధ్యాహ్నాలు వినిపించేది. చాలా ఇళ్లలో సారె మగవాళ్లది, తొక్కడం, తట్టడం, రంగు పూయడం ఆడవాళ్లది. నాకు తట్టడం నేర్పింది తాత కోడలే. "లోపల చెయ్యి చూసుకో అక్కా, బయట చెయ్యి దానంతట అదే వస్తాది," అనేది. రాయి ఎక్కడుందో చెక్క అక్కడే పడాలి, అరంగుళం తప్పినా గోడ లోపలికి పోతుంది.

వీలైతే ఒక ఆవం మొదలు నుంచి చివరి దాకా చూడండి. కింద పిడకలు, కట్టెలు, వరిగడ్డి, వాటి మీద బోర్లించిన కుండలు, మళ్లీ గడ్డి, పైన మట్టి పూత. మొదట చాలాసేపు ఊరికే పొగ పెడతారు, మంట పెంచరు. ఎండకు పూర్తిగా ఆరిందనుకున్న కుండలో కూడా తడి మిగిలి ఉంటుంది, అది నిదానంగా పోకుండా ఆవిరైతే కుండ లోపలే పగిలిపోతుంది. కుండలు పేలడానికి మట్టిలో గాలి బుడగలే కారణమని చాలామంది అంటారు, ఎక్కువసార్లు అసలు కారణం ఈ తడే. ఆ తర్వాత 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర మట్టిలోని ఇసుక, అంటే క్వార్ట్జ్, ఒక్కసారిగా కొంచెం ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అదే దగ్గర మళ్లీ కుంచించుకుపోతుంది. ఆవాన్ని తొందరపడి విప్పితే నిక్షేపంగా కాలిన కుండ కూడా టంగుమని చీలేది ఇందుకే. తాతకు 573 అంకె తెలియదు, బూడిదలో చెయ్యి పెట్టి "రేపు" అంటాడు. కుమ్మరి ఏడాది కష్టం కర్ర ఒక్క దెబ్బతో పోతుందని చెప్పే 'కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు' అనే సామెత ఆవం పక్కన రాత్రంతా కూర్చుంటే అర్థమవుతుంది.

డబ్బు కట్టేముందు అడగాల్సినవి

అందరూ అడిగేది రూమ్ ఎలా ఉంటుంది, తిండి ఏం పెడతారు అని. మీరు ముందు అడగాల్సింది "ఎప్పుడు కాలుస్తారు?" అని. మిగతా లెక్కంతా దానిమీదే ఉంటుంది.

ఎలాగంటే, సారె మీద చేసిన కప్పు తోలులా గట్టిపడటానికి ఒకటి రెండు రోజులు, అప్పుడు అడుగు చెక్కాలి, పిడి అతికించాలి. పూర్తిగా ఆరడానికి వాతావరణాన్ని బట్టి మరో నాలుగు రోజుల నుంచి వారం. మొదటి కాల్పు 900 నుంచి 1000 డిగ్రీల దాకా, కొలిమి అంత వేడెక్కడానికి ఒక పూట పైనే పడుతుంది, చల్లారడానికి ఒక రోజు. తర్వాత మెరుగు పూత (గ్లేజ్) వేసి రెండో కాల్పు, ఎక్కువ వేడికి రాయిలా గట్టిపడే స్టోన్‌వేర్ అయితే 1200 డిగ్రీలు దాటాలి, మళ్లీ చల్లారాలి. అన్నీ కలిపితే పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. ఐదు రోజుల వర్క్‌షాప్‌లో "మీరు చేసిన కప్పులు మీతో తీసుకెళ్లొచ్చు" అని రాస్తే, ఏ దశలో తీసుకెళ్తామో, కాల్చినవా పచ్చివా, గుచ్చి గుచ్చి అడగండి. ఐదు రోజుల్లో నేర్చుకోగలిగింది చాలా ఉంది, ఐదు రోజుల్లో ఇంటికి తెచ్చుకోగలిగింది తక్కువ. ఈ తేడా దాచకుండా చెప్పేవాళ్ల దగ్గరికే వెళ్లండి.

ఇంకోటి, ఒక సారెకు ఎంతమంది? ఇద్దరు పంచుకుంటే మీ చేతికి దొరికే సమయం సగమే. రోజంతా తలా ఒక సారె ఇవ్వాలి, సాయంత్రం క్లాసు అయ్యాక కూడా కూర్చోనివ్వాలి. కాల్పు ఖర్చు ఫీజులో కలిసిందా, బరువును బట్టో సైజును బట్టో విడిగా వేస్తారా? చెడిపోయిన మట్టిని మళ్లీ నానబెట్టి పిసికి వాడటం నేర్పిస్తారా? ఈ చివరి ప్రశ్నకు "అదంతా మావాళ్లు చూసుకుంటారు" అని జవాబొస్తే నేనైతే వెళ్లను, అక్కడ మిమ్మల్ని విద్యార్థిగా కాదు, అతిథిగా చూస్తారు.

ఎక్కడికి

ఊరు చూసి కాదు, మీకు ఏ పని నేర్చుకోవాలనుందో చూసి ఎంచుకోండి.

మనకు దగ్గర్లో పాండిచ్చేరి. నెల్లూరు నుంచి చెన్నైకి రైల్లో దాదాపు మూడు గంటలు, అక్కడినుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద బస్సు. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అక్కడ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టారు, మన దేశంలో స్టోన్‌వేర్ చేసే ఎంతోమంది అక్కడ నేర్చుకున్నవాళ్లే. ఇప్పుడు పాండిచ్చేరిలో, ఆరోవిల్‌లో చిన్నా పెద్దా స్టూడియోలు చాలా ఉన్నాయి. మెరుగు పూతలు, ఎక్కువ వేడి కొలుములు నేర్చుకోవాలంటే విమానం ఎక్కాల్సిన పనే లేదు. తీరిక ఎక్కువ ఉన్నవాళ్లకు హిమాచల్‌లోని ఆంద్రెట్టా ఉంది, ఢిల్లీ బ్లూ పాటరీతో పేరుపడ్డ గురుచరణ్ సింగ్ కుటుంబం పెట్టిన చోటు, మూడు నెలలు అక్కడే ఉండి నేర్చుకునే కోర్సుకు పేరు. జైపూర్ బ్లూ పాటరీ నేర్చుకోవాలనుకుంటే ఒక్క విషయం: అది మట్టి కాదు. క్వార్ట్జ్ పొడి, గాజు పొడి, ముల్తానీ మట్టి, జిగురు లాంటివి కలిపిన ముద్ద, దాన్ని ఎక్కువగా అచ్చులో వేసి చేస్తారు. సారె మీద మోజుతో వెళ్తే నిరాశపడతారు.

నేను రెండోసారి వెళ్లింది నేపాల్‌లో భక్తపూర్, మే నెలలో, రెండు వారాలు. మనవాళ్లకు వీసా అక్కర్లేదు, విమానంలో వెళ్తే పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి. కుమ్మరుల చౌక్ అని ఒక పెద్ద ముంగిలి ఉంటుంది, దాని నిండా నల్లటి పచ్చి కుండలు వరసగా ఎండలో. లారీ టైరుతో చేసిన బరువైన సారెను కర్రతో తిప్పి వదిలితే చాలాసేపు తిరుగుతుంది. ఆవం మనదానికి చుట్టమే, గడ్డి మధ్య పేర్చి పైన బూడిద కప్పి, రోజుల తరబడి లోపలే రగలనిస్తారు. మా తాత దగ్గర చూసిన పని కాబట్టి నాకు అడగడానికి ప్రశ్నలున్నాయి, భాష రాకపోయినా చేతులతో మాట్లాడుకున్నాం. పాము పరీక్ష చేసి చూపిస్తే ఆ ఇంటి పెద్దావిడ నవ్వి నా చేతిలో మట్టి లాక్కుని తను కూడా అదే చేసి చూపించింది. దసరా సెలవుల్లో మాత్రం నేపాల్ పెట్టుకోకండి, వాళ్లకూ అదే పెద్ద పండగ, పని ఆగిపోతుంది. అలాగే వియత్నాంలో జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి మధ్యలోగా వచ్చే కొత్త సంవత్సరం, టెట్, అప్పుడు కూడా అంతే.

వియత్నాంలో హనోయి పక్కన బాట్ చాంగ్, హోయ్ అన్ పక్కన థాన్ హా, రెండూ పాత కుమ్మరి ఊళ్లు. థాన్ హాలో ఒకరు కాలితో సారె తన్నుతుంటే ఇంకొకరు కుండ చేస్తారు. కానీ నాకు ఒకే ఒక్క చోటికి వెళ్లే అవకాశం ఉంటే బౌ చుక్ వెళ్తాను. దక్షిణ వియత్నాం తీరంలో, చాం జాతి ఆడవాళ్లు సారె లేకుండా కుండలు చేసే ఊరు. దిమ్మె మీద మట్టి పెట్టి మనిషే దాని చుట్టూ వెనక్కి వెనక్కి నడుస్తూ గోడ లేపుతుంది, దిమ్మె కదలదు కాబట్టి మనిషి కదులుతుంది. కాల్చేది కూడా ఆరుబయట, కట్టెలతో, గడ్డితో. చాం కుండల కళను యునెస్కో 2022లో తక్షణం కాపాడుకోవాల్సిన వారసత్వాల జాబితాలో చేర్చింది. మన దేశంలోనే మణిపూర్‌లో లోంగ్‌పీ ఊళ్లో కూడా సారె లేదు, రాతి పొడి, మట్టి కలిపి నల్లటి వంట కుండలు చేస్తారు.

జపాన్ గురించి అందరూ అడుగుతారు. మషికో, షిగరాకి, బిజెన్ గొప్ప కుమ్మరి ఊళ్లే, కానీ ఖర్చు ఎక్కువ, పైగా గంట, రెండు గంటల రుచి చూపే క్లాసులకే చాలామంది వెళ్తారు. చేతికి కొంత పని వచ్చాక వెళ్తేనే ఆ డబ్బుకు న్యాయం జరుగుతుంది. అన్నట్టు, ఈ రాకపోకలు కొత్తవేం కాదు. మన నెల్లూరు తీరంలో కొత్తపట్నం దగ్గర తవ్వకాల్లో వందల ఏళ్ల కిందటి చైనా పింగాణీ పెంకులు దొరికాయి. అప్పట్లో కుండలే ఓడలెక్కి మన దగ్గరికి వచ్చాయి.

అక్కడికెళ్లాక

గోళ్లు పూర్తిగా తీసేసి వెళ్లండి, ఉంగరాలు, గాజులు ఇంట్లోనే. సారె ఎటు తిరుగుతుందో మొదటి రోజే చూసుకోండి. జపాన్‌లో ఎక్కువగా గడియారం ముల్లు వైపే తిప్పుతారు, యూరప్ పద్ధతి నేర్పే స్టూడియోల్లో దానికి ఎదురు. మీ ఊళ్లో ఒక వైపు అలవాటైతే ఇంకోవైపు చేతులు తడబడతాయి. కరెంటు సారెలకు చాలావాటికి దిశ మార్చే స్విచ్ ఉంటుంది, అడగడానికి మొహమాటపడకండి.

మొదటి మూడు రోజులు ఏదీ దాచుకోకండి. చేసిన ప్రతి గిన్నెనూ తీగతో నిలువునా రెండుగా కోసి చూడండి. మనసొప్పదు, నాకూ ఒప్పలేదు. కానీ లోపల గోడ కింద లావుగా పైన పల్చగా ఉందా, అడుగు ఎంత మందం మిగిలింది, ఎక్కడ వేలు ఆగింది అన్నీ ఆ కోతలో కనిపిస్తాయి. భక్తపూర్‌లో నా మొదటి ఇరవై గిన్నెల్లోనూ గోడ కిందనే రెండు వేళ్ల లావు మిగిలిపోయింది, అంటే నేను పైకి లాగడం మొదలుపెట్టేదే ఆలస్యంగా అన్నమాట. అది తెలిశాక వేళ్లు ఇంకా కిందికి, దాదాపు సారెకు ఆనేదాకా, దించి లాగడం మొదలుపెట్టాను. మర్నాటికే గిన్నె ఎత్తు పెరిగింది, అదే మట్టితో.

అడుగును వేలితో నడిమి నుంచి అంచుకూ, అంచు నుంచి నడిమికీ గట్టిగా నొక్కి సర్దడం మరచిపోవద్దు. నొక్కకుండా వదిలేస్తే ఆరేటప్పుడు అడుగులో పాము మెలికలాంటి పగులు వస్తుంది, కాల్చాకగానీ కనపడదు ఒక్కోసారి. నీళ్లు తక్కువ వాడండి. చెయ్యి జారకపోతే నీళ్లే కావాలనిపిస్తుంది, కానీ గిన్నె అడుగున నీళ్లు నిలిస్తే మట్టి నీరసించి కూలిపోతుంది, స్పాంజితో అప్పటికప్పుడు తీసేయండి.

మట్టి ఎంత కుంచించుకుపోతుందో ప్రతిచోటా కొలుచుకోండి. ఒక పలకలాంటి ముక్క చేసి దానిమీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీయండి, కాల్చాక మళ్లీ కొలవండి. 8.8 మిగిలితే ఆ మట్టి 12 శాతం కుంచించుకున్నట్టు. కాలిన కప్పు 10 సెంటీమీటర్లు ఉండాలంటే పచ్చిది ఎంత చేయాలి? చాలామంది 12 శాతం కలిపి 11.2 అంటారు. కాదు, 10ని 0.88తో భాగించాలి, దాదాపు 11.4. మూత ఉన్న గిన్నె చేసేటప్పుడు ఈ రెండు మిల్లీమీటర్ల తేడాకే మూత కూర్చోదు.

దుమ్ము విషయంలో జాగ్రత్త. ఎండిన మట్టి పొడిని పొడిగా చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. అందులోని సిలికా ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ వస్తుంది. మెరుగు పూత పొడులు కలిపేటప్పుడు మాస్కు తప్పనిసరి. తిండికి వాడే గిన్నె అయితే ఆ పూతలో సీసం లేదని అడిగి తెలుసుకోండి.

తిరిగొచ్చేటప్పుడు పచ్చి కుండలు మోసుకురావద్దు, ఎంత చుట్టినా విరుగుతాయి. ఒకసారి కాలినవి బట్టల మధ్య చుట్టి చేతి సంచిలో పెట్టుకుంటే వస్తాయి, నేను రెండే తెచ్చుకున్నాను. అక్కడి మట్టి ఒక పిడికెడు తెచ్చుకుందామని ఆశపడతారు, దేశం దాటించి మట్టి తేవడానికి క్వారంటైన్ నిబంధనలు అడ్డొస్తాయి, వదిలేయండి.

వచ్చాక

వచ్చిన వారంలోపే మళ్లీ సారె ఎక్కండి. నెల ఆగితే చేతులు మరచిపోతాయి. ఇంట్లో కరెంటు సారె కొనాలా అని అడుగుతారు, మొదటి ఏడాది అక్కర్లేదు, ఎందుకంటే కాల్చడానికి మీ దగ్గర కొలిమి లేదు. మీ ఊరి ఆవంలో ఒక మూల నాలుగు గిన్నెలకు చోటివ్వమని అడిగి, దానికి డబ్బివ్వడం అన్నిటికంటే సులువు. పూత వేసిన స్టోన్‌వేర్ అందులో కాలదు, అంత వేడి రాదు. కానీ చట్టి కాలుతుంది.

నేను మొదట చేసింది చేపల పులుసు చట్టే. వంట చట్టికి మట్టిలో ఇసుక కొంచెం ఎక్కువ కలపాలి, అప్పుడే పొయ్యి వేడికి చీలదు. గోడ అంతటా ఒకే మందం ఉండాలి, అడుగు గుండ్రంగా ఉండాలి. ఆవంలోంచి తీశాక వేలి కణుపుతో తట్టండి. ఖంగుమంటే సరే, బొదబొదమంటే ఎక్కడో సన్న పగులు ఉంది, పొయ్యి ఎక్కించకండి. బాగున్న చట్టిని ఒక రాత్రంతా నీళ్లలో నానేయండి, మర్నాడు చిక్కటి గంజి పోసి సన్న సెగ మీద కాసేపు కాగనిచ్చి, అలాగే చల్లారనివ్వండి. రెండు మూడు రోజులు ఇలా చేస్తే రంధ్రాలు పూడుకుంటాయి. మొదటిసారి నూనె పోసేటప్పుడు మంట చిన్నదిగా పెట్టండి, ఖాళీ చట్టిని గ్యాస్ మీద ఎప్పుడూ పెట్టకండి, వేడి చట్టిని తడి గట్టు మీద దించకండి, కింద గుడ్డ చుట్టకుదురు వేయండి.

చింతపండు పులుసు, మామిడికాయ ముక్కలు, కొరమీను, రాత్రి వండి మూతపెట్టి పెట్టేయండి. మర్నాడు పొద్దున తీసి చూడండి, చట్టి బయటవైపు ఎక్కడైనా నూనె చెమట పట్టిందంటే గంజి పని ఇంకో రెండు రోజులు మిగిలే ఉంది.